గెడకు రెండో చివర

నేను ఒక మరను, పట్టాలు వంచే మరను. పట్టాలంటే చదువుకున్నవాళ్లు గోడకు తగిలించుకునేవీ కావు, రైతులు పెట్టెల్లో దాచుకునేవీ కావు. రైలు పట్టాలు. మలుపు దగ్గర తిన్నని పట్టాను వంచేదీ నేనే, ఎండకీ బరువుకీ వంకరపోయిన పట్టాను తిన్నగా చేసేదీ నేనే. కాగితాల మీద నా పేరు జిమ్ క్రో అని రాసుకున్నారు గానీ గ్యాంగువాళ్లెవరూ నన్నలా పిలవలేదు. "మర తెండ్రా" అనేవారు. పిలిచినంత తేలిగ్గా వచ్చేదాన్ని కాదు. నన్ను మోయడానికి ఇద్దరు కావాలి. తిట్టడానికి మాత్రం ఎవరికీ తోడు అక్కర్లేదు.

ఇప్పుడు స్టేషను వెనక తుక్కు కుప్పలో, విరిగిన కాటాకీ చక్రం లేని తోపుడు బండికీ మధ్య పడి ఉన్నాను. వేలం ఎప్పుడో తెలియదు. ఈలోగా కడుపులో ఉన్నది ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. నా గొప్పలు కావు. గవరయ్య అనే గ్యాంగుమన్ సంగతి. అతని కూతురు అతనితో ఒక్క మాటైనా మాట్లాడుతుందా అని అతను ఎదురుచూశాడు. అతనితో పాటు నేనూ ఎదురుచూశాను. నా కథంతా అదే.

ముందు నా ఒళ్లు ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. విల్లులా వంగిన ఇనప ఒళ్లు, రెండు కొసలా రెండు కొక్కేలు. అవి పట్టాను అవతలి పక్కనుంచి పట్టుకుంటాయి. నడుమ లావుపాటి మరమేకు ఒకటి ఇవతలి పక్కనుంచి తోస్తుంది. ఆ మేకు తలకు బెజ్జం ఉంది. అందులో పొడుగాటి ఇనప గెడ దూర్చి తిప్పుతారు. గెడకు ఈ చివర ఒక మనిషి, ఆ చివర ఒక మనిషి. ఒకడు తన చివరను కిందికి నొక్కుతుంటే రెండోవాడు తన చివరను పైకి ఎత్తాలి. ఇద్దరి బలం ఒకేసారి పడాలి. ఒకడు తొందరపడితే రెండోవాడికి దెబ్బ తగులుతుంది.

ఎక్కడ పుట్టానంటే సరిగ్గా చెప్పలేను. కరిగి ఉన్నప్పటి సంగతులు ఎవరికి గుర్తుంటాయి? అచ్చులోంచి తీశాక ఒకాయన నా నడుం మీద సుత్తితో అంకె కొట్టాడు, అది గుర్తుంది. తరవాత ఓడ, గూడ్సు పెట్టె, చివరికి వంశధార పక్కన చిన్న లైను. దాని మీద తిరిగే రైలూ చిన్నదే. దారిలో ముంజెలవాడు కనబడితే జనం దిగి బేరమాడి, పరిగెత్తి మళ్లీ ఎక్కేవారు. మొదట్లో ఒక తెల్లదొర నా మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకున్నాడు. ఆయన నన్ను ఒక్కసారి కూడా తిప్పలేదు. తిప్పినవాళ్ల ఫోటోలు ఎవరూ తీయలేదు.

ఎన్నో చేతులు మారి బొడ్డవలస గ్యాంగుకు వచ్చాను. అక్కడి మేస్త్రీ కన్నప్పడు. పట్టా మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి, వంపు ఎంత వచ్చిందో చూసేవాడు. వంచిన పట్టా వదిలితే కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కావలసినదానికన్నా పిసరంత ఎక్కువ వంచాలి. అంతకు మించితే పట్టా పాడు. ఆ పిసరు అందగానే కన్నప్పడు "సాలు" అనేవాడు. సాలంటే గెడ మీద చేతులు చచ్చినట్టు ఆగిపోవాలి.

అలా ఆగే చేతులు ఆ గ్యాంగులో ఇద్దరివే. నొక్కే చివర పోలయ్య, ఎత్తే చివర గవరయ్య. పోలయ్య మంచి పాటగాడు. పని పాటలో ఒక్కొక్కరి పేరూ పెట్టి ఏడిపించడం ఆ గ్యాంగులో అలవాటు.

"గవరయ్య మీసం – హైలెస్సా, వంకర పోనాది – హైలెస్సా, మర తెచ్చి బిగించు – హైలెస్సా" అని పోలయ్య అందుకుంటే, గవరయ్య నవ్వు ఆపుకోలేక గెడ వదిలేసేవాడు. కన్నప్పడు ఇద్దర్నీ కలిపి తిట్టేవాడు.

పోలయ్యకు చెల్లెలు ఉంది, నారమ్మ. ఆమెకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో పోలయ్య తన చెమట నా ఒంటి మీదే తుడుచుకుంటూ కన్నప్పడితో అన్నాడు, "బయటోళ్ల బుద్ధి నాకేటి తెలుస్తాది మేస్త్రీ? గెడకి ఆ సివర పట్టుకున్నోడి బుద్ధి తెలుస్తాది గానీ. నారమ్మని గవరయ్యకే ఇచ్చీస్తాను." ఇచ్చేశాడు. జాతకాలు చూసి చేసే పెళ్లిళ్లు చాలా విన్నాను. గెడ పట్టు చూసి చేసిన పెళ్లి అదొక్కటే. ఆ రోజునుంచి ఇద్దరూ ఒకరినొకరు బావా బావా అని పిలుచుకుంటూ నన్ను తిప్పేవారు. నాకు ముచ్చటగా ఉండేది. ఇనుముకు ముచ్చటేమిటని మీరనుకోవచ్చు, అనుకోండి.

పెళ్లైన మరుసటి ఏడు ఎండాకాలం. బొడ్డవలస మలుపులో పట్టా ఒకటి పగిలిందని పొద్దున్నే తెలిసింది. పగిలినదాన్ని ఊడదీసి, తిన్నటి కొత్త పట్టాను మలుపుకు సరిపడా వంచుతున్నారు. ఒకచోట కాస్త వంచడం, నన్ను ఊడదీయడం, ముందుకు జరిపి బిగించి మళ్లీ కాస్త వంచడం. నిదానం పని. ఈలోగా టౌనుకు పోయే రైలు వచ్చి ఎర్రజెండా దగ్గర ఆగిపోయింది. ఆగిన రైల్లోంచి దిగి గవరయ్య తల్లి కంకర మీద పడుతూ లేస్తూ వచ్చింది.

"ఓరయ్యా, నారమ్మ ఈ బండిలోనే ఉంది. తెల్లారకట్ట నించి నొప్పులు పడతంది. బిడ్డ అడ్డం తిరిగినాదట. టౌను ఆసుపత్రికి తీసుకెల్లమన్నాది మంత్రసాని. బండి ఆపీసినారేటిరా?"

అక్కడినుంచి టౌనుకు వేరే దారి లేదు. మధ్యలో ఏరు. రైలు కదలాలంటే పట్టా పడాలి. పట్టా పడాలంటే వంగాలి. నన్ను తిప్పాలి. గవరయ్య పెట్టెవైపు ఒకసారి పరిగెత్తబోయి మళ్లీ వచ్చి గెడ పట్టుకున్నాడు. భార్య పక్కన ఉండడం కన్నా గెడ దగ్గర ఉండడమే ఆమెకు మేలని అతనికి తెలుసు. పోలయ్య అలవాటు కొద్దీ పాట అందుకోబోయాడు. పాట లేకుండానే తిప్పారు.

సగం పట్టా బాగానే వంగింది. ఇంకో చోట బిగించారు. కన్నప్పడు చెంప ఆనించి చూస్తున్నాడు. "సాలు" అన్నాడు. సరిగ్గా అప్పుడే పెట్టెలోంచి నారమ్మ కేక వినపడింది. మొగుణ్ణి పిలవలేదు, తల్లినీ పిలవలేదు. "అన్నా" అని అరిచింది. ఆ కేకకు పోలయ్య ఒళ్లంతా గెడ మీద పడిపోయింది. తను నొక్కుతున్నానని అతనికి తెలియదు. కళ్లు పెట్టె మీద ఉన్నాయి. గెడ రెండో చివర ఎగిరి గవరయ్య గడ్డానికి తగిలింది. నా మరమేకు దిగిపోయింది. పట్టా ఆ ఒక్కచోటే మోకాలులా మడతపడింది.

కన్నప్పడు తల ఎత్తాడు. "సాలన్నాను కదా. ఎవడ్రా తిప్పీసినాడు?"

పోలయ్య అప్పుడే నిద్రలేచినవాడిలా చూశాడు. గవరయ్య అతని మొహం చూసి, గడ్డం మీది రక్తం భుజానికి తుడుచుకుని, "నానే మేస్త్రీ. సెయ్యి జారిపోనాది. ముందు తిరగెయ్యండి" అన్నాడు.

ఎందుకన్నాడంటే పెద్ద కారణమేమీ లేదు. ఎవరు తిప్పారో తేల్చుకుంటూ కూచుంటే ఇంకాస్త ఆలస్యం. మేస్త్రీ తిట్టు ఎవరో ఒకరు తింటే పని ముందుకు పోతుంది. ఆ క్షణంలో ఆ మాట ఖరీదు ఒక తిట్టు మాత్రమే. మనుషులు ఇలాంటి చిన్న అబద్ధాలు రోజుకెన్నో ఆడుతారు, చాలామటుకు మంచికే.

మడతపడ్డ పట్టాను సరిచెయ్యాలంటే నన్ను ఊడదీసి, అవతలి పక్కకు తిప్పి బిగించి, వంచినదంతా వెనక్కి లాగి, మళ్లీ మొదటినుంచీ వంచాలి. వంచారు. ఎండ నడినెత్తికొచ్చింది. చివరికి పట్టా పడింది, రైలు కదిలింది, గవరయ్య ఎక్కాడు. పోలయ్య బోల్టులు బిగించడానికి ఉండిపోయాడు. చెల్లెలి మొహం చూడనేలేదు.

సాయంత్రం రైలు తిరిగొచ్చేసరికి వెనక పెట్టెలో నారమ్మ శవం ఉంది. ఆసుపత్రిలోకి చేర్చగానే ప్రాణం పోయిందట. డాక్టరు కడుపు కోసి తీసిన బిడ్డ దక్కింది, ఆడపిల్ల. గవరయ్య ఆ పిల్లను పాతచీర ముక్కలో చుట్టి గుండెకు పెట్టుకుని దిగాడు. నన్ను దాచే సామాన్ల గది ముందు పోలయ్య నిలబడి ఉన్నాడు. పిల్లకేసి చూసి అన్నాడు.

"పొద్దున నువ్వే అన్నావు. నానే అనీసినావు. అందరం ఇన్నాం."

గవరయ్య పిల్ల మీది చీర ముక్క సర్దాడు.

"తల్లిని సంపిన సేతులు గుంటని ఎత్తుకోవద్దు" అని పోలయ్య ఆ పిల్లను అతని చేతుల్లోంచి తీసుకుని వెళ్లిపోయాడు. గవరయ్య చేతులు అలాగే చాపి ఉండిపోయాయి.

ఆలస్యం కాకపోతే నారమ్మ బతికేదా? డాక్టరుకే తెలియదన్నారు. ఇనప ముక్కను, నాకేం తెలుస్తుంది? పోలయ్యకు మాత్రం సందేహం లేదు.

పోలయ్య ఆ పిల్లకు సుగుణ అని పేరు పెట్టి, కళ్లలో పెట్టుకుని పెంచాడు. అతన్ని నేనేమీ అనలేను. తనకు పిల్లలున్నా ముందు ముద్ద సుగుణకే పెట్టేవాడట. ముద్దతో పాటు ఆ మాటా పెట్టాడు, మీ అయ్య వల్లే మీ అమ్మ పోయిందని. ఇద్దరూ అదే గ్యాంగులో ఉన్నారు, నన్ను తిప్పడానికి మళ్లీ వాళ్లిద్దర్నే పెట్టేవాడు కన్నప్పడు. మాటల్లేవు. బావా అన్న పిలుపు లేదు. పాటలో అందరి పేర్లూ వచ్చేవి, గవరయ్య పేరు తప్ప. ఏడిపించేవాడు లేకపోవడం కూడా ఒక ఏడుపేనని నాకు అప్పుడు తెలిసింది.

సుగుణ కాస్త పెద్దదై మామకు సద్ది తెచ్చే వయసుకు వచ్చింది. లైను పక్క కాలిదారిన ఒట్టి కాళ్లతో వచ్చేది. గవరయ్య పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి ఆ దారి మీద పడ్డ కంకర ఏరి పక్కన పోసేవాడు. ఎవరైనా అడిగితే, "కాలిదారి సుబ్బరంగుండాల కదేటి" అనేవాడు. పిల్ల ఆ దారినే వచ్చి, తండ్రి పక్కనుంచే నడిచి, మామకు గిన్నె ఇచ్చి వెళ్లిపోయేది. తల తిప్పేది కాదు. గవరయ్య మాత్రం ఆమె పాదాలకేసి చూసేవాడు, రాయి గుచ్చుకుందేమోనని.

కన్నప్పడు రిటైరైన రోజున అందరూ వెళ్లాక సామాన్ల గదిలో గవరయ్యను కూచోబెట్టి అడిగాడు. "ఆ దినం తిప్పినోడివి నువ్వు కాదురా. నువ్వే ఎక్కువ ఎత్తీసుంటే నీ గెడ్డం ఎలగ పగుల్తాది? నాను పట్టా సూస్తన్నాను గానీ తరవాత తెలుసుకున్నాను. నువ్వు సెప్పకపోతే నాను సెప్పీనా?"

గవరయ్య ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. "వద్దు మేస్త్రీ. ఆడికి ఆ సంగతి తెలిస్తే గుంట మొకం మల్లీ సూడగలడా? గుంటకి తల్లి నేదు. అయ్యని, నాను ఉన్నా నేకపోయినా ఒకటే. ఉన్న ఆ ఒక్క మావనీ తీసీమంటావేటి?"

కన్నప్పడు కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ తరవాత ఎన్నో వానలు వెళ్లాయి. పోలయ్య మేస్త్రీ అయ్యాడు. సుగుణకు పక్క ఊళ్లో పెళ్లి చేశాడు. కన్నెధార పోసిందీ పోలయ్యే. గవరయ్య ఆ పూట కూడా డ్యూటీకి వచ్చి, నాకు ఆముదం రాస్తూ కూచున్నాడు. రాసిన చోటే రాశాడు.

సుగుణ మొదటి పురుటికి మామ ఇంటికొచ్చిన రోజుల్లో జరిగిందిది. గవరయ్యకు జ్వరం, పనిలోకి రాలేదు. ఎత్తే చివర తవిటయ్య అనే కొత్తవాణ్ణి పెట్టి, మనిషి తక్కువై నొక్కే చివర పోలయ్యే పట్టుకున్నాడు. తనే పట్టా చూసి "సాలు" అన్నాడు. తవిటయ్య మనసు ఎక్కడుందో, ఇంకాస్త ఎత్తేశాడు. పోలయ్య చేతుల కింది గెడ ఒక్కసారిగా కిందికి పోయింది. పట్టు తప్పి కంకర మీద బోర్లా పడ్డాడు.

"తప్పైపోనాది మేస్త్రీ" అని తవిటయ్య లేపబోయాడు.

పోలయ్య లేవలేదు. కూచుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. "తప్పు సంగతి కాదురా" అన్నాడు. "నువ్వెత్తితే నాను పడ్డాను."

తవిటయ్యకు అర్థం కాలేదు. పోలయ్య లేచి మరమేకు వదులు చేయించి, "ఇప్పుడు నాను నొక్కుతాను. నువ్వు గట్టిగా పట్టుకోకు" అన్నాడు. నొక్కాడు. రెండో చివర లేచి తవిటయ్య గడ్డం మీదికి వచ్చింది. వాడు తల వెనక్కి తీసుకున్నాడు కాబట్టి సరిపోయింది. పోలయ్య గెడ వదిలేశాడు. గవరయ్య గడ్డం మీది మచ్చ అతను రోజూ చూస్తున్నదే. ఇన్నేళ్లుగా చూసి, ఏనాడూ చూడని మచ్చ. ఆ పూట ఇక పని సాగలేదు. మేస్త్రీకి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు గ్యాంగువాళ్లు.

మర్నాడు పొద్దున పోలయ్య సుగుణను చెయ్యి పట్టుకుని సామాన్ల గదికి తీసుకొచ్చాడు. నిండు నెలల మనిషి, ఆయాసపడుతూ వచ్చింది. గవరయ్య జ్వరం పూర్తిగా తగ్గకుండానే పనికొచ్చి, దుప్పటి కప్పుకుని గడప మీద కూచుని ఉన్నాడు. నేను ఆ తలుపు వెనకే ఉన్నాను.

"బావా" అన్నాడు పోలయ్య. గవరయ్య ఉలిక్కిపడి లేచాడు.

"సుగుణమ్మా, మీ అయ్య కాదే. ఆ దినం నొక్కీసినోడ్ని నాను. మీ అమ్మ కేకేస్తే నాకు ఒల్లు తెలీనేదు. ఈడు నా తప్పు నెత్తినేసుకున్నాడు. నాను నిన్ను ఈడి సేతుల్లోంచి లాగీసుకున్నాను."

సుగుణ మామ చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. మొహం పాలిపోయింది. తలుపు చెక్కను ఆనుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "మరి ఇన్నాళ్లూ నాకు అలగ సెప్పినావు కదా మావా" అంది. ఆ మాట మెల్లగానే అంది గానీ పోలయ్య తల ఎత్తలేకపోయాడు.

గవరయ్య కూతుర్ని చూస్తున్నాడు. చీర ముక్కలో చుట్టి తెచ్చిన రోజు తరవాత ఆమె అతనికి అంత దగ్గరగా వచ్చింది లేదు. అతనేమీ చెప్పనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, పిల్ల అతనిదైపోతుంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఊరుకో గవరయ్యా, ఈ ఒక్కసారికి ఊరుకో.

గవరయ్య నవ్వాడు. "మీ మావకి ఎండదెబ్బ తగిలినాదమ్మా. నీ పురిటి గాబరాకి ఏటేటో తలపోసుకుంటన్నాడు. తిప్పినోడ్ని నానే. మేస్త్రీ అడిగితే అందరి ముందరా ఒప్పుకున్నాను. ఇంటికి తీసుకుపో, నిలబడకు."

"బావా, నీ గెడ్డం" అన్నాడు పోలయ్య.

"కంకర్లో పడ్డాను, పగిలినాది. నీకేటి తెలుసు?"

సుగుణ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. పుట్టినప్పటినుంచి విన్న మాట ఒకవైపు, ఈ పూట విన్న మాట ఒకవైపు. పెంచిన మామ మొహం చూసింది. ఆమెకు ఏది నమ్మాలని ఉందో అదే నమ్మింది. మొహంలోకి మళ్లీ రక్తం వచ్చింది. పోలయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని, "పద మావా" అంది. కొంచెం దూరం వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి తండ్రి మొహంలోకి చూసింది.

"నీ తప్పు ఈ ముసిలోడు మోసీడానికి ఒచ్చినా నువ్వు మోయనిచ్చినావు కాదు. అదొక్కటీ మంచిపని సేసినావు."

మామను నడిపించుకుంటూ వెళ్లిపోయింది. పోలయ్య వెనక్కి చూస్తూనే ఉన్నాడు, ఆమె లాక్కుపోతూనే ఉంది. వాళ్లు మలుపు తిరిగాక గవరయ్య లోపలికొచ్చి నా పక్కన నేల మీద చతికిలబడి, దుప్పటి కొసతో మొహం కప్పుకున్నాడు. పానా కోసం వచ్చిన తవిటయ్య కంగారుపడి, "ఏటైనాది మావా, జొరం తిరగబెట్టినాదా?" అని అడిగాడు.

గవరయ్య దుప్పటి తీశాడు.

"మా గుంట నాతోటి మాటాడినాదిరా" అన్నాడు. "మంచిపని సేసినావన్నాది."